బిట్రగుంటలో ఏముంది? – ఫ్యామిలీ ట్రిప్‌లో ఒక ఊరిని చదవడం ఎలా

ఫ్యామిలీ ట్రిప్‌కి దాదాపు మన అందరి ఇళ్లలో ఒకే అల్గారిథం నడుస్తుంది. నాన్న ఫోన్‌లో "దగ్గరలో చూడదగ్గ ప్రదేశాలు" అని వెతుకుతారు. రేటింగ్ నాలుగు దాటిన వాటికి అమ్మ ఓకే అంటుంది. అక్కడికెళ్లి పది ఫోటోలు, ఒక రీల్, టిఫిన్, మళ్లీ కారు. గుడి అయితే దర్శనం, కోట అయితే గోడ ఎక్కి ఫోటో, వ్యూ పాయింట్ అయితే చేతులు చాచి ఫోటో. తిరిగొచ్చాక హాస్టల్లో ఎవరైనా "ఎలా ఉంది రా?" అని అడిగితే "బాగుంది" అంటాం. తర్వాతి వాక్యం మాత్రం దొరకదు.

ఆ "బాగుంది" తర్వాత ఇంకో నాలుగు వాక్యాలు చెప్పగలగాలంటే ఏం చేయాలి అన్నదే ఈ వ్యాసం. ఉదాహరణకి పేరున్న టూరిస్ట్ ప్లేస్ కాకుండా నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని బిట్రగుంటను తీసుకుంటున్నా. విజయవాడ నుంచి చెన్నై వైపు రైల్లో వెళ్లినవాళ్లలో చాలామంది ఈ పేరు కిటికీలోంచి చూసే ఉంటారు. మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ల నాన్న, ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ ఫైర్‌మన్‌గా పనిచేశారు. ఈ జనవరిలో మేం విజయవాడ నుంచి తిరుపతికి కార్లో వెళ్తూ ఒక పగలంతా అక్కడ ఆగాం. నాన్న, అమ్మ, తమ్ముడు, తాతయ్య, నేను. ఆగుదామంటే ముందు వద్దన్నది తాతయ్యే. "ఏంది పాపా, ఈడ చూసేదానికి ఏముండాదని?" అన్నారు. ఆరోజు, ఆ తర్వాత లైబ్రరీలో నేను రాసుకున్న నోట్స్‌ని పాఠాలుగా విడగొట్టి ఇస్తున్నా. ఊరు ఏదైనా వాడుకోవచ్చు.

పాఠం 1: ముందు ఊళ్ల పేర్లు చదవండి

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియం. స్టేషన్ బోర్డు మీద మూడు భాషల్లో పేరుంటే నా కన్ను ముందు ఇంగ్లీషు దగ్గరికే వెళ్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో ఊరి పేరు ఒక శబ్దం, అంతే. తెలుగులో చదివితే అందులో మట్టి, నీళ్లు, చెట్లు కనిపిస్తాయి. ఈసారి బోర్డులన్నీ తెలుగులో చదవాలని రూల్ పెట్టుకున్నా.

బిట్రగుంటలో "గుంట" ఉంది. నీళ్లు నిలిచే చిన్న పల్లం అని అర్థం. పక్కనే కొండ మీద వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరు కొండ బిట్రగుంట. సముద్రం వైపు వెళ్తే జువ్వలదిన్నె వస్తుంది. జువ్వి ఒక చెట్టు, మర్రి, రావి జాతిది. దిన్నె అంటే మిట్ట. ఇంకాస్త దక్షిణంగా ఇసకపల్లి ఉంది, ఆ పేరుకి వివరణ అక్కర్లేదు. కావలి దగ్గర బీచ్ ఉన్న ఊరు తుమ్మలపెంట, అందులో తుమ్మ చెట్టు ఉంది. ఉత్తరాన రామాయపట్నం. మన తీరంలో "పట్నం" అని ముగిసే పేర్లకి ఓడలతో, వ్యాపారంతో సంబంధం ఉండటం మామూలే. ఇప్పుడు అక్కడ కొత్త పోర్టు కడుతున్నారు.

మ్యాప్ తెరవకముందే ఈ ఆరు పేర్లతో ప్రాంతం ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. నేల చదునుగా ఉంటుంది, నీళ్లు గుంటల్లో నిలుస్తాయి, అక్కడక్కడా ఒక కొండ, సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఇసుక, దిన్నెలు. మేం దారిలో చూసింది అచ్చంగా ఇదే. ఒక్కటే తేడా, ఇప్పుడు తీరం వైపు రొయ్యల చెరువులు కూడా వచ్చాయి. ఈ పక్క వాటినీ "రొయ్యల గుంటలు" అనే అంటారు. పాత మాటకి కొత్త పని దొరికిందన్నమాట.

స్టేషన్ పేర్లలో ఇంకో చిన్న క్లూ ఉంటుంది. బిట్రగుంటకి దక్షిణంగా పక్క స్టేషన్ పేరు అల్లూరు రోడ్. రైల్వే వాళ్లు పేరు చివర "రోడ్" పెట్టారంటే అసలు ఊరు పట్టాలకి దూరంగా ఉందని, ఇక్కడ దిగి ఆ ఊరికి రోడ్డు మీద వెళ్లాలని సూచన. అంటే అల్లూరు రైలు కంటే ముందే ఉంది, రైలు దాన్ని తప్పించుకుని వెళ్లింది. బిట్రగుంటకి ఆ తోక లేదు. స్టేషన్ చుట్టూనే ఊరు పెరిగింది.

పాఠం 2: పేరు ప్రైమరీ కీ కాదు

చరిత్ర పుస్తకాల్లో "బిట్రగుంట దానశాసనం" అని ఒకటి కనిపిస్తుంది. రాగిరేకుల మీద సంస్కృతంలో చెక్కిన శాసనం. శక సంవత్సరం 1278, అంటే క్రీ.శ. 1356 నాటిది. విజయనగరం స్థాపించిన హరిహరరాయలు, బుక్కరాయల సోదరుడు కంపరాయలు. ఆయన కొడుకు రెండో సంగముడు ఈ తూర్పు ప్రాంతాన్ని ఏలాడు. ఆయన బిట్రగుంట అనే గ్రామాన్ని దానం చేసి, తన గురువు శ్రీకంఠనాథుడి పేరు మీద దానికి శ్రీకంఠపురం అని పేరు పెట్టాడు. శాసనంలోని శ్లోకాలు రాసింది భోగనాథుడు. ఈయన ఎవరో తెలిశాక నేను లైబ్రరీలో కుర్చీలోంచి లేచి నిలబడ్డా. వేదాలకి భాష్యం రాసిన సాయణాచార్యుడి తమ్ముడు! సాయణుడు కూడా కంపరాయల దగ్గర, ఆ తర్వాత సంగముడి దగ్గర మంత్రిగా ఉన్నవాడే. హెచ్. కృష్ణశాస్త్రి ఈ శాసనాన్ని ఎపిగ్రాఫియా ఇండికా మూడో సంపుటంలో ప్రచురించారు. ఆ సంపుటాలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, మీరూ చూడొచ్చు.

ఇక్కడ మన సీఎస్ వాళ్లం జాగ్రత్తపడాల్సిన విషయం ఉంది. డేటాబేస్‌లో పేరుని ప్రైమరీ కీగా పెట్టొద్దని ఫస్టియర్‌లోనే చెప్తారు. ఊళ్లకీ అదే వర్తిస్తుంది. ఈ ప్రాంతంలోనే బిట్రగుంట, కొండ బిట్రగుంట, జరుగుమల్లి మండలంలో కె. బిట్రగుంట ఉన్నాయి. పేరు కలిసింది కదా అని రీల్ కింద "670 ఏళ్ల నాటి రాజుగారు మా తాతయ్య ఊరిని దానం చేశారు" అని రాసేయకూడదు. దానశాసనాల్లో మామూలుగా ఊరి ఎల్లలు చెప్తారు, తూర్పున ఏ ఊరు, పడమర ఏ చెరువు అని. ఆ పక్క ఊళ్ల పేర్లు, నాటి నాడు పేరు, ఇప్పటి గ్రామాల జాబితా పక్కపక్కన పెట్టి జాయిన్ చేసి చూడాలి. శాసనాలు చదివేవాళ్లు చేసే పని అదే. గుడి దగ్గర బోర్డు మీద ఏదైనా చదివినప్పుడు కూడా ఈ అలవాటు పనికొస్తుంది.

ఒకటి మాత్రం ఏ ఎల్లలూ చూడకుండానే చెప్పొచ్చు. రాజు పెట్టిన శ్రీకంఠపురం అన్న పేరు జనం నోట్లో నిలవలేదు. గుంట పేరే నిలిచింది.

పాఠం 3: "ఇక్కడే ఎందుకు?" అని అడగండి

చూడదగ్గ చోటు ఏదైనా సరే, ఎప్పుడు కట్టారు, ఎవరు కట్టారు అని అడుగుతాం. పరీక్షల్లో వచ్చేవి అవే కాబట్టి. నాకు వాటికంటే బాగా పనిచేసిన ప్రశ్న, ఇక్కడే ఎందుకు కట్టారు?

బిట్రగుంట ఒకప్పుడు రైల్వే పట్టణం. ఆవిరి ఇంజన్లకి లోకో షెడ్డు, యార్డు, రైల్వే కాలనీ, అన్నీ ఉండేవి. ఇంత పెద్ద ఏర్పాటు నెల్లూరులో కాకుండా, కావలిలో కాకుండా ఈ చిన్న ఊళ్లో ఎందుకు? కార్లో కూర్చుని దూరాలు లెక్కేశా. చెన్నై సెంట్రల్ నుంచి విజయవాడకి రైలు మార్గం దాదాపు 430 కిలోమీటర్లు. చెన్నై నుంచి బిట్రగుంటకి దాదాపు 210. అంటే ఇంచుమించు సరిగ్గా సగం దూరం.

సగం దూరం ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఆవిరి ఇంజన్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. 1947 నుంచి మన పాసింజర్ రైళ్లు లాగిన డబ్ల్యూపీ రకం ఇంజన్ తన వెనక టెండర్‌లో దాదాపు 15 టన్నుల బొగ్గు, 25,000 లీటర్ల నీళ్లు మోసుకెళ్లేది. నీళ్లు ఆవిరై, పిస్టన్‌ని తోసి, పొగగొట్టంలోంచి గాల్లోకి పోతాయి. మళ్లీ తిరిగి రావు. అందుకే దారిలో అక్కడక్కడా నీళ్లు పట్టుకోవాలి. బొగ్గు కాలాక మిగిలిన బూడిద గట్టిపడి రాళ్లలా తయారవుతుంది. దాన్ని క్లింకర్ అంటారు. అది పేరుకుంటే నిప్పుకి గాలి అందదు. ఆగి గీకి తీయాలి. నీళ్లలోని ఉప్పులు బాయిలర్ లోపల పొరలా పేరుకుంటాయి, కొన్నాళ్లకోసారి కడగాలి. మనుషులూ అలిసిపోతారు. ఒక డ్రైవరు, ఇద్దరు ఫైర్‌మన్లు 430 కిలోమీటర్లు ఏకబిగిన నిప్పు ముందు నిలబడలేరు. కాబట్టి దారి మధ్యలో ఇంజన్‌కీ మనుషులకీ ఒక మజిలీ కావాలి. మ్యాప్‌లో ఆ మధ్య చోటు బిట్రగుంట.

విజయవాడ, చెన్నైలని కలిపే ఈ మార్గం 1899లో పూర్తయింది. దాంతో తూర్పు తీరం పొడవునా నేరుగా రైళ్లు నడపడం వీలైంది. 1908 నుంచి మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే, 1951 నుంచి సదరన్ రైల్వే, 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడ్డాక అది. కంపెనీ పేర్లు మారుతూ వచ్చినా ఇంజన్‌కి నీళ్లు, బొగ్గు కావడం మాత్రం మారలేదు. షెడ్డు చుట్టూ ఫిట్టర్లు, బాయిలర్ మేకర్లు, క్లీనర్లు, బొగ్గు ఎత్తే కూలీలు, వాళ్ల కుటుంబాలు, వాళ్లకి సరుకులమ్మే కొట్లు వచ్చాయి. ఊరికి జీతం రోజు ఒక పండగలా ఉండేదని తాతయ్య చెప్పారు.

1980 నాటికి విజయవాడ–చెన్నై మార్గం మీద కరెంటు తీగలు వచ్చేశాయి. ఎలక్ట్రిక్ ఇంజన్‌కి బొగ్గు వద్దు, నీళ్లు వద్దు, క్లింకర్ లేదు. ఇంకో చిన్న విషయం నాకు చాలా నచ్చింది. ఆవిరి ఇంజన్‌కి ముందూ వెనకా ఉంటాయి, వెనక్కి నడిపితే టెండర్ అడ్డమొచ్చి దారి సరిగ్గా కనిపించదు. అందుకని దాన్ని గుండ్రంగా తిప్పే టర్న్‌టేబుల్ కావాలి. ఎలక్ట్రిక్ ఇంజన్‌కి రెండు చివర్లా క్యాబిన్ ఉంటుంది, డ్రైవర్ ఇటు దిగి అటు ఎక్కితే చాలు. ఒక పాత లైబ్రరీని కోడ్‌లోంచి తీసేస్తే దాన్ని నమ్ముకున్న మాడ్యూళ్లన్నీ ఒక్కొక్కటిగా ఎర్రబడతాయి కదా. బిట్రగుంటలో జరిగిందదే. ఇంజన్ ఒక్కటే మారింది, కానీ టర్న్‌టేబుల్, నీళ్ల కాలమ్, బొగ్గు కుప్ప, కాలనీలో సగం ఇళ్లు, కొట్లు, అన్నీ ఆ ఇంజన్ మీదే ఆధారపడి ఉన్నాయి. దేశంలో బ్రాడ్‌గేజ్ మీద మామూలు సర్వీసుగా చివరి ఆవిరి రైలు 1995 డిసెంబర్ 6న నడిచింది. బిట్రగుంటకి ఆ కాలం అంతకు చాలా ముందే ముగిసింది. తాతయ్య విజయవాడకి బదిలీ అయ్యి, ఎలక్ట్రిక్ ఇంజన్ నేర్చుకుని, అక్కడే రిటైరయ్యారు.

స్టేషన్ ఇప్పటికీ ఉంది. చెన్నైకి ఈ ఊరి పేరుతోనే ఒక ఎక్స్‌ప్రెస్ ఉంది. పెద్ద పెద్ద రైళ్లు మాత్రం ఆగకుండా పోతాయి. మేం ప్లాట్‌ఫాం మీద ఉండగా ఒకటి వెళ్లింది. తమ్ముడు సెకన్లు లెక్కపెట్టాడు. ఒకప్పుడు ఇంజన్ మార్చడానికో నీళ్లు పట్టడానికో బండి కచ్చితంగా ఆగిన చోట ఇప్పుడు అర నిమిషం కూడా పట్టలేదు.

పాఠం 4: వ్యూ పాయింట్ అంటే లెక్క కూడా

కొండ బిట్రగుంటలో ప్రసన్న వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. చుట్టుపక్కల వాళ్లకి బాగా పేరున్న క్షేత్రం, బ్రహ్మోత్సవాలకి జనం బాగా వస్తారు. దర్శనం అయ్యాక అమ్మ, తాతయ్య మెట్ల దగ్గర కూర్చున్నారు. తమ్ముడూ నేనూ అంచు దగ్గర నిలబడి చూశాం.

ఎత్తు నుంచి ఎంత దూరం కనిపిస్తుందో చెప్పే చిన్న సూత్రం ఉంది. మీ కన్ను నేల నుంచి ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో ఆ సంఖ్యకి వర్గమూలం తీసి 3.57తో గుణిస్తే క్షితిజం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో వస్తుంది. 50 మీటర్ల ఎత్తు అనుకుంటే దాదాపు 25 కిలోమీటర్లు. బీచ్‌లో నిలబడి చూస్తే, కన్ను ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, నాలుగున్నర కిలోమీటర్ల లోపే. సముద్రం అనంతంగా కనిపిస్తుందని కవులు అంటారు గానీ ఒడ్డున నిలబడితే నిజానికి మనం చూసేది అంతే.

ఇక్కడి నుంచి సముద్రం పది పన్నెండు కిలోమీటర్ల పైనే. లెక్క ప్రకారం కనిపించాలి. మాకు కనిపించలేదు. తీరం వెంట సరుగుడు తోటలు, తాటిచెట్లు, వాటి మీద తెల్లటి మసక. లెక్కకీ కంటికీ మధ్య గాలిలో తేమ, దుమ్ము ఉంటాయి. తూర్పు వైపు బాగా చూడాలంటే సాయంత్రం వెళ్లండి, సూర్యుడు మీ వెనక ఉంటాడు. పొద్దున్నే వెళ్తే ఎదురెండ. నెల్లూరు తీరంలో ఎక్కువ వాన అక్టోబర్ నుంచి డిసెంబర్ మధ్యే పడుతుంది, తుపాన్లూ అప్పుడే. ఆ తర్వాత జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. ఏప్రిల్, మేలలో ఈ మెట్లు ఎక్కమని నా శత్రువుకి కూడా చెప్పను.

సముద్రం కనపడకపోయినా ఒక విషయం కొండ మీదే అర్థమైంది. ఈ ప్రాంతంలో దారులన్నీ తీరానికి సమాంతరంగా, ఉత్తర దక్షిణాలుగా పోతాయి. రైలు పట్టా ఒకటి. కోల్‌కతా–చెన్నై హైవే ఇంకొకటి, ఇప్పుడు ఎన్‌హెచ్ 16, పాతవాళ్లకి ఎన్‌హెచ్ 5. మూడోది కొండ మీంచి కనపడలేదు, మధ్యాహ్నం సముద్రం వైపు వెళ్తే తెలిసింది.

పాఠం 5: మూడో గీత

ఆ మూడో గీత బకింగ్‌హాం కాలువ. బాపట్ల తీరంలోని పెదగంజాం నుంచి తమిళనాడులోని మరక్కాణం దాకా, సముద్రానికి కాస్త లోపలగా, దాదాపు 420 కిలోమీటర్లు సాగుతుంది. 1806లో మద్రాసు దగ్గర మొదలైంది, తర్వాత ముక్కలు ముక్కలుగా పెరిగింది. 1876–78 నాటి కరువులో, మన వైపు ధాత కరువు అని చెప్పుకునే కాలంలో, తిండి లేని జనానికి పని చూపించడానికి చాలా భాగం తవ్వించారు. అప్పటి మద్రాసు గవర్నర్ డ్యూక్ ఆఫ్ బకింగ్‌హాం పేరే కాలువకి నిలిచింది. తవ్వినవాళ్ల పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల్లో వెళ్లేవి. గాలి లేనప్పుడు గట్టు మీద మనుషులు తాడుతో పడవని లాగేవాళ్లు. 1899లో పక్కనే రైలు వచ్చాక కాలువ పని నెమ్మదిగా తగ్గిపోయింది. తర్వాత తుపాన్లు, పూడిక. అంటే బిట్రగుంటకి కరెంటు ఏం చేసిందో, అంతకు ముందు కాలువ ఒడ్డున ఉన్న పడవల రేవులకి బిట్రగుంట గుండా పోయిన రైలు అదే చేసింది. ఇప్పుడు హైవే మీద లారీలు, కార్లు. మేమూ కార్లోనే వచ్చాం.

కాలువ దాటాక జువ్వలదిన్నె. అక్కడ 2024లో ప్రారంభమైన చేపల హార్బర్ ఉంది. కొత్త కాంక్రీటు, బ్రేక్‌వాటర్ రాళ్లు. తమ్ముడికి రోజు మొత్తంలో నచ్చింది ఇదే. "ఇక్కడే ఎందుకు?" అన్న ప్రశ్న వాడే వేశాడు. జవాబు కూడా కళ్ల ముందే ఉంది. ఈ తీరం తిన్నగా, ఇసుకతో ఉంటుంది, పడవ దాక్కోవడానికి సహజమైన వంపు తక్కువ. అందుకే రాళ్లు పోసి సముద్రంలో గోడ కట్టి, నిశ్చలమైన నీళ్లు తయారు చేసుకోవాలి. ఇంకో నలభై ఏళ్లకి ఈ హార్బర్ కథని ఎవరైనా వాళ్ల మనవరాలికి చెప్పాల్సి వస్తుందేమో.

పాఠం 6: పేరున్న చోట్ల మీద కూడా ఇదే ప్రశ్న

ఇది చిన్న ఊళ్లకే పనిచేసే పద్ధతి అనుకోవద్దు. ఇదే జిల్లాలో ఉదయగిరి కోట తీసుకోండి. కావలి నుంచి పడమరగా వెళ్లాలి. కొండ ఎత్తు 3,000 అడుగుల పైమాటే. ఇక్కడే ఎందుకు? ఆ ఎత్తు నుంచి ఒకవైపు లోపలి కొండల దారులు, ఇంకోవైపు తీరానికి పోయే దారులు చూసుకోవచ్చు. అందుకే గజపతుల చేతిలో ఉన్న ఈ కోటని పట్టుకోవడానికి శ్రీకృష్ణదేవరాయలు చాలా నెలలు ముట్టడి వేసి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకెళ్లి, దాని కోసం గుడి కట్టించి 1515లో ప్రతిష్ఠించాడు. ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. హంపీలో కృష్ణాలయం ముందు ఫోటో దిగినవాళ్లు మన క్లాసులోనే పదిమంది ఉంటారు. లోపల గర్భగుడి ఎందుకు ఖాళీగా ఉందో, కథ నెల్లూరు జిల్లాలో ఎలా మొదలైందో తెలిస్తే ఆ ఫోటోకి రెండో వాక్యం దొరుకుతుంది.

పాఠం 7: పక్క సీట్లో ఉన్నవాళ్లని అడగండి

ఇదే అన్నిటికంటే ముఖ్యమైనది, తొందరగా చేయాల్సినది కూడా.

మా తాతయ్యకి కుడి చెవి సరిగ్గా వినపడదు. ఆవిరి చప్పుడు పుణ్యం అంటారు. ఎడమ చెవి కూడా ఈ మధ్య తగ్గుతోంది. "అప్పట్లో ఎలా ఉండేది తాతయ్యా?" అని అడిగితే "బాగానే ఉండేది" అంటారు. మనం ట్రిప్ గురించి "బాగుంది" అన్నట్టే. పెద్ద ప్రశ్నకి ఎవరి దగ్గరా జవాబుండదు. చిన్న ప్రశ్నలు వేయాలి. డ్యూటీ ఉందని నీకెలా తెలిసేది? రాత్రి అన్నం ఎక్కడ తినేవాడివి? పెట్టెలో ఏం పెట్టుకునేవాడివి? ఈ మూడు అడిగా. గంటన్నర మాట్లాడారు.

ఫోన్లు లేని రోజుల్లో డ్యూటీ కబురు తెచ్చేది కాల్ బాయ్. షెడ్డు నుంచి సైకిల్ మీదో నడిచో కాలనీకి వచ్చి, తలుపు కొట్టి, కాల్ బుక్ చూపిస్తాడు. అందులో బండి, టైము ఉంటాయి. సంతకం పెడితే ఇక ఆ బండి నీది. బట్టలు, సామాను, తిండి సర్దుకునే పెట్టెని లైన్ బాక్స్ అనేవాళ్లు. అటు చివర పడుకునేది రన్నింగ్ రూము.

ఇదంతా చెప్తుంటే అమ్మ మధ్యలో అడిగింది. "నాన్నా, నేను పుట్టిన రాత్రి నువ్వు ఇంట్లో ఎందుకు లేవు?" మా ఇంట్లో ఆ రాత్రి గురించి ఎప్పుడూ ఒకే మాట విన్నా, తాతయ్యకి డ్యూటీ తప్ప ఏం పట్టేది కాదని.

తాతయ్య కాసేపు ఆగి చెప్పారు. "పదకొండుకి బుక్కు వొచ్చింది. అప్పుటికి మీయమ్మకి ఏం లేదు, బాగానే ఉండాది. సంతకం పెట్టేసినా. ఒంటిగంటకి గూడ్సు. నేను పొయినాక నొప్పులు మొదలయినాయంట. గూడూరు రన్నింగ్ రూములో పడుకోనుంటే పొద్దున కంట్రోల్ నుంచి ఫోనొచ్చిందని లేపినారు, ఆడపిల్లని. తిరుగు బండి దొరికేసరికి సాయంత్రం అయిపోయింది. మసి మూతితోనే వొచ్చినా, మీ అమ్మమ్మ బిడ్డని తాకనీలా."

అమ్మ "ఇన్నేళ్లలో ఒక్కసారి చెప్పలేదే" అంది. "నువ్వు అడగలా" అన్నారు తాతయ్య. తర్వాత అమ్మ, ఆరోజు బండి ఎక్కడ దిగావని అడిగింది. ఆయన ప్లాట్‌ఫాం చివర నిలబడి యార్డు వైపు చెయ్యి చూపించారు. అమ్మ అటు చాలాసేపు చూసింది. పట్టాలు, గడ్డి, ఆగి ఉన్న వ్యాగన్లు. ఆ చోటుకి ఏ యాప్‌లోనూ రేటింగ్ లేదు. మా అమ్మకి మాత్రం ఆ ట్రిప్‌లో తిరుమల తర్వాత గుర్తున్న చోటు అదే.

ఇందులో పాఠం ఏంటంటే, ఊరి గురించి తెలుసుకోవడానికి వేసిన ప్రశ్న ఇంటి గురించి జవాబు తెచ్చింది. కాల్ బుక్ ఎలా పనిచేస్తుందో తెలియకపోతే అమ్మకి ఆ ప్రశ్న అడగాలని తోచేది కాదు. విన్నా ఆ జవాబు అర్థమయ్యేది కాదు.

వెళ్లేవాళ్లకి కొన్ని సూచనలు

– స్టేషన్‌లోకి ప్లాట్‌ఫాం టికెట్ తీసుకుని వెళ్లండి. యార్డు, పాత షెడ్డు ఆనవాళ్లు రైల్వే స్థలం, అనుమతి లేకుండా లోపలికి పోవద్దు, పట్టాలు దాటొద్దు. మేం బయట నుంచే చూశాం.

– పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు రికార్డ్ చేయాలంటే ముందు అడగండి. బాగా వినపడే చెవి వైపు కూర్చోండి. కార్లో ఏసీ, పాటలు ఆపండి.

– విన్న మాటని విన్నట్టే రాయండి. "ఉండాది"ని "ఉంది" అని దిద్దొద్దు. ఆ యాస కూడా ఊరిలో భాగమే.

– తేదీలు, రాజుల పేర్లు మాత్రం ఇంటికొచ్చాక పుస్తకంలో చూసుకోండి. ఇంట్లోవాళ్లు పని గురించి చెప్పింది నమ్మొచ్చు, సంవత్సరాల దగ్గర మాత్రం ఎవరికైనా తడబాటు ఉంటుంది.

హోంవర్క్

వచ్చే సెలవుల్లో ఎటు వెళ్లినా ఒక పేజీ రాయండి. ఐదు ప్రశ్నలు చాలు. ఆ ఊరి పేరులో ఏ మాటలున్నాయి? అది అక్కడే ఎందుకు ఉంది? ఏది వచ్చాక పెరిగింది, ఏది వచ్చాక తగ్గింది? ఎత్తు నుంచి చూస్తే దేని పక్కన ఏముంది? మీతో వచ్చినవాళ్లలో ఆ చోటుతో ఎవరికి ఏ సంబంధం ఉంది? చివరి ప్రశ్నకి జవాబు "ఏమీ లేదు" అనే అనిపించినా ఒకసారి అడిగి చూడండి.

నేను ఇప్పుడు తాతయ్య రైల్వే మాటలతో ఒక జాబితా తయారు చేస్తున్నా. క్లింకర్, లైన్ బాక్స్, కాల్ బుక్‌తో మొదలై ఇప్పటికి 41 మాటలయ్యాయి. ప్రతి ఆదివారం ఫోన్ చేసి ఇంకో రెండు అడుగుతున్నా. గట్టిగా అరిచి అడగాల్సి వస్తోంది. హాస్టల్లో నా పక్క రూము వాళ్లకి ఇప్పుడు ఇంజెక్టర్ అంటే ఏంటో, యాష్‌పిట్ అంటే ఏంటో బాగానే తెలుసు.